చీర మడతలో కరివేపాకు

మా పెద్దమ్మాయి పురిటికని నేను మొదటిసారి అమెరికా వెళ్లింది 2015లో. రెండు పెట్టెలు, ఒక్కోదానికి 23 కిలోలు. కారప్పొడి, సున్నుండలు, పసివాడికి పాత చీరలతో కుట్టిన బొంతలు... అన్నీ సర్దాక అసలైన సామాను ఆఖర్న పెట్టాను. మా పెరట్లో కరివేప చెట్టు మొదట్లో లేచిన పిలకలు రెండు. వేళ్లకు కాస్త మట్టి ఉంచి, తడిగుడ్డ చుట్టి, పాలిథిన్ కవర్లో కట్టి, వెంకటగిరి చీర మడతలో దాచాను. ‘ఇక్కడ నాలుగు రెబ్బల కరివేపాకు కొనాలన్నా లెక్క చూసుకోవాలమ్మా’ అని అమ్మాయి ఒకసారి ఫోన్లో అంది. ఆ మాట నా మనసులో అలా ఉండిపోయింది.

విమానంలో ఒక కాగితం ఇచ్చారు. పండ్లు, మొక్కలు, విత్తనాలు, మట్టి ఏమైనా తెస్తున్నారా అని అందులో ఓ ప్రశ్న. పక్కసీటు అబ్బాయి ‘లేదని టిక్కు పెట్టేయండి ఆంటీ, అందరం అంతేగా’ అన్నాడు. పెట్టేశాను.

లాస్ ఏంజెలిస్‌లో దిగి పెట్టెల కోసం నిలబడ్డాను. వేలాడే చెవులతో, ముద్దుగా ఉన్న కుక్క ఒకటి ఆఫీసరుతో పాటు వచ్చింది. మొరగలేదు, మీద పడలేదు. నా పెట్టె దగ్గరకొచ్చి బుద్ధిగా కూర్చుంది. అంతే! పదిమందీ చూస్తుండగా నా చీరలన్నీ బల్లమీదకు ఎక్కాయి. 300 డాలర్లు జరిమానా. అప్పటి లెక్కన దాదాపు 19 వేల రూపాయలు. ఆ ఆఫీసరమ్మ చెప్పిన మాట ఒకటి నాకొచ్చిన ఇంగ్లిషులో కూడా బాగానే అర్థమైంది. ‘ఉందని రాసి ఉంటే మొక్కలు తీసుకుని మిమ్మల్ని పంపేసేవాళ్లం. జరిమానా ఉండేది కాదు. ఇది అబద్ధం రాసినందుకు.’ ముప్పయ్యేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, తలెత్తలేకపోయాను.

బయటికొచ్చాక మాత్రం ఉక్రోషం ఆగలేదు. ‘ఇంత పెద్ద దేశానికి నా రెండు కరివేప పిలకలంటే అంత భయమా!’ అన్నాను కార్లో. అల్లుడు ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లాక పెరట్లో నిమ్మచెట్టు దగ్గరకు తీసుకెళ్లాడు. కొమ్మకు పసుపురంగు జిగురు అట్ట వేలాడుతోంది. ‘గవర్నమెంటు వాళ్లు కట్టి వెళ్లారు అత్తయ్యా. పురుగు పడిందేమో చూసుకుంటూ ఉంటారు’ అన్నాడు.

ఆ పురుగు పేరు సిల్లా. నువ్వుగింజంత ఉంటుంది. కరివేప, నిమ్మ, నారింజ ఒకే కుటుంబంలోవి. లేత కరివేపాకంటే దానికి పుట్టిల్లు. చెట్టు చూడటానికి పచ్చగానే ఉంటుంది, పురుగు గుడ్లు మాత్రం చిగుళ్లలో ప్రయాణం చేస్తాయి. ఆ పురుగు నిమ్మజాతి చెట్ల మీదకు మోసుకొచ్చేది గ్రీనింగ్ తెగులు. మన బత్తాయి తోటల్లోనూ ఉన్నదే. కాయ సరిగా పండదు, చేదెక్కుతుంది, కొన్నేళ్లకు చెట్టు చచ్చిపోతుంది. పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు. ఫ్లోరిడాలో పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన ఆ రాష్ట్రంలో 2022-23కి 2 కోట్ల పెట్టెలు కూడా రాలేదు. తుపాన్లూ దెబ్బతీశాయనుకోండి, కానీ తోటలను ముందే గుల్ల చేసింది ఈ తెగులే. కాలిఫోర్నియాలో అది మొదటిసారి 2012లో దొరికింది. ఎక్కడో పెద్ద తోటలో కాదు, లాస్ ఏంజెలిస్ దగ్గర ఒకరింటి పెరటి చెట్టులో. పెరటి చెట్టని వినగానే నాకు గొంతులో వెలక్కాయ పడినట్టయింది.

ఇంత తెలిశాక బుద్ధి రావాలి కదా? ఆర్నెల్ల తర్వాత తిరిగొచ్చేటప్పుడు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. అమ్మాయి వాళ్ల పక్కింట్లో మందారం ఉంది. మధ్యలో ఎరుపు, అంచుల్లో పసుపు, అరచేయంత పువ్వు. రోజూ చూసి చూసి ఉండబట్టలేక రెండు కొమ్మలు అడిగి, తడి టిష్యూలో చుట్టి, చేతిసంచిలో వేసుకున్నాను. అక్కడివాళ్లకు భయం, మనకేం భయం అనుకున్నాను. మన దగ్గర ఎవరూ అడగలేదు, గ్రీన్ ఛానెల్లోంచి నడుచుకుంటూ వచ్చేశాను. ఒక కొమ్మ ఎండిపోయింది. రెండోది బతికి, ఏడాదికల్లా పూసింది. ‘అమెరికా మందారం’ అని మా వీధిలో పేరొచ్చింది. అడిగినవాళ్లకు కాదనకుండా నాలుగిళ్లకు కొమ్మలు పంచాను.

2021 డిసెంబరులో పల్నాడు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ‘అక్కా, మిరప పోయింది’ అన్నాడు. మూడెకరాలు. అప్పటికే ఎకరానికి లక్షన్నర దాకా పెట్టాడు. వెళ్లి చూశాను. ఒక పువ్వు తెంచి అరచేతిలో దులిపితే నల్లటి పురుగులు, ఆవగింజలో సగం కూడా ఉండవు, బిలబిలమంటూ పాకాయి. పూత మొత్తం రాలిపోతోంది, కాయ ఎక్కడిది? చేలో వరసగా నీలంరంగు జిగురు అట్టలు కట్టారు. నాకు అమ్మాయి పెరట్లో పసుపు అట్ట గుర్తొచ్చింది.

దీన్ని నల్ల తామర పురుగు అన్నారు. ఆగ్నేయాసియా దేశాలది. మన దేశంలో మొదటిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనపడిందట. 2021 వచ్చేసరికి ఆంధ్ర, తెలంగాణల మిరప చేలను కమ్మేసింది. కొట్టిన మందల్లా దాన్ని తినే మంచి పురుగులను చంపింది, దాన్ని కాదు. తమ్ముడు సంక్రాంతికి ముందే చేను దున్నేశాడు. ‘ఎక్కడిదో ఇండోనేసియా పురుగు మన చేలోకి ఎట్టా వచ్చిందక్కా? ఎవరు తెచ్చుంటారు?’ అన్నాడు. నేను మాట్లాడలేదు.

నా మందారానికీ వాడి మిరపకీ సంబంధం లేదని నాకు తెలుసు. కాలిఫోర్నియా వేరు, ఇండోనేసియా వేరు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మాటకొస్తే మిరపే మనది కాదు. బొప్పాయి, జామ, సీతాఫలం, టమాటా... అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. రావద్దని ఎవరంటారు? వయ్యారిభామా అటునుంచే వచ్చింది. 1955లో పుణెలో కనపడింది, దిగుమతి గోధుమలతో చేరిందంటారు. ఇప్పుడు అది లేని పొలం గట్టు చూపించండి! అందుకే వచ్చేదాన్ని గుమ్మంలో ఆపి చూడాలంటారు. మనకు దీనికి చట్టం 1914 నుంచే ఉంది. 2003లో కేంద్రం మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం నాటుకునే విత్తనమైనా కొమ్మైనా తేవాలంటే ముందుగా ఇక్కడి పర్మిట్ ఉండాలి, పంపే దేశం తెగుళ్లు లేవని చూసి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇవ్వాలి. మట్టి అసలే పనికిరాదు. కొన్ని మొక్కలను వచ్చాక కూడా విడిగా పెంచి చూస్తారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు విదేశాల నుంచి వచ్చే విత్తనాలను కూడా రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం పరీక్షించాకే వదులుతారు. శాస్త్రవేత్తలకే తప్పనిది, మనం టిష్యూలో చుట్టి తెచ్చేస్తున్నాం!

అమెరికాకు కాసిన్ని విత్తనాలు పంపాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. అక్కడి వ్యవసాయ శాఖ నుంచి ‘స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్’ అని పర్మిట్ తీసుకోవచ్చు. ఒక్కో పొట్లంలో 50 గింజలు లేదా 10 గ్రాములు, అలాంటివి 50 పొట్లాలు మించకూడదు. మీద శాస్త్రీయ నామం రాయాలి. అన్ని విత్తనాలకూ ఇది వర్తించదు, ముందే కనుక్కోవాలి. కరివేప మొక్క మాట మాత్రం మరిచిపోవడమే మంచిది. మా అమ్మాయి అక్కడి నర్సరీలోనే కొనుక్కుంది. పురుగు దూరకుండా వలగదిలో పెంచిన మొక్కట. క్వారంటైన్ ఉన్న ప్రాంతం కాబట్టి దాన్ని ఆ ఊరు దాటించకూడదు.

తమ్ముడి దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే మందారాన్ని వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి, తగలబెట్టాను. ‘బంగారంలాంటి చెట్టు, మతి పోయిందా?’ అన్నారు మావారు. కొమ్మలు ఇచ్చిన ఇళ్లకు వెళ్లాను. ఇద్దరు నవ్వి పీకేశారు. ఒకావిడ ‘పూజకు పూలు పూస్తోంది, నేను పీకను’ అని తెగేసి చెప్పింది. తెచ్చిన నాకే నోరు పెగల్లేదు, ఆవిడనేమంటాను? నాలుగోవాళ్లు ఇల్లు మారిపోయారు. కుండీని ఆటోలో ఒళ్లో పెట్టుకుని మరీ తీసుకెళ్లారని పక్కవాటావాళ్లు చెప్పారు. ఏ ఊరో వాళ్లకూ తెలియదు.