చీకట్లో చిలకపచ్చ

విజయవాడలో ఆఖరి ఎడిషన్ పేజీలు వదిలేసరికి ఒంటిగంట దాటేది. అక్కణ్ణుంచి బండి మీద మంగళగిరి చేరాలి. చలికాలం కనకదుర్గ వారధి ఎక్కితే కృష్ణ మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దూరేది. అందుకే మా డెస్కులో అందరివీ నల్ల జర్కిన్లే. చలి ఆగుతుంది, మాపు కనిపించదు. వేసుకున్న మనిషీ కనిపించడన్న సంగతి నాకు లారీ క్యాబిన్‌లో తెలిసింది.

ఆ రాత్రి వారధి దగ్గర వెనక టైరు పంక్చరైంది. బండి టీకొట్టు ముందు పెట్టి, గుంటూరు వైపు పోతున్న లారీ ఎక్కాను. డ్రైవరు పెద్దాయన, మాటకారి. అంత ఎత్తు మీద కూర్చుంటే రోజూ పోయే రోడ్డే కొత్తగా ఉంది. ముందు ఒక బండి పోతోంది. వెనక లైటు వెలగడం లేదు, మడ్‌గార్డు నిండా బురద, నడిపేవాడిది ముదురు రంగు చొక్కా. లారీ వెలుగు వీపు మీద పడేదాకా అక్కడ మనిషున్న జాడే లేదు. ఇంకాస్త ముందు ఖాళీ పాలక్యాన్లు కట్టుకున్న బండి. అది ఎంతో దూరం నుంచే తళుక్కుమంటోంది.

“చూశారా బాబూ, క్యాను కనపడుద్దిగానీ మనిషి కనపడడు. ఆ క్యాన్లు కట్టుకున్నోడు బతికిపోతాడు” అన్నాడు పెద్దాయన.

మర్నాడే వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుకెళ్లి రేడియం కోటు కొన్నాను. చిలకపచ్చ గుడ్డ, అడ్డంగా రెండు వెండి పట్టీలు. వంద రూపాయలు కూడా కాలేదు. అసలు ఖర్చు తర్వాత మొదలైంది. “ఏరా, టోల్‌గేట్లో చేరావా?” అన్నారు ఆఫీసులో. పెట్రోలు బంకులో ఒకాయన కారు అద్దం దించి, గుంటూరు రోడ్డు ఎక్కడ మళ్లించారు సార్ అని అడిగాడు. బందరు రోడ్డు ఊడుస్తున్న ఒకామె చీపురు ఆపి మరీ “ఏ సర్కిలు అయ్యా నీది?” అంది. మా ఊళ్లో ఆ కోటు జాగ్రత్తకు గుర్తు కాదు, ఉద్యోగానికి గుర్తు. పైగా జనం చిన్నచూపు చూసే ఉద్యోగం. నలభైవేల జీతగాడు దాన్ని తొడుక్కోకపోవడానికి పెద్ద కారణం ఉక్కపోత కాదు, ఇదే.

నేను మున్సిపాలిటీ మనిషిని కాదని తెలిశాక ఆమె తన కోటు చూపించింది. పట్టీలు బూడిదరంగుకు తిరిగి, చేప పొలుసుల్లా లేచిపోతున్నాయి. “ఉతికితే మెరుపు పోద్ది, ఉతక్కపోతే కంపు” అంది. నా బండి లైటు వేసి చూశాను. చొక్కా బొత్తాలు మెరిసినంత కూడా మెరవలేదు. ఆ పట్టీలో ఉండేది సన్నని గాజు పూసలు. లైటు ఎటునుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. బ్రష్షుతో రుద్ది రుద్ది అవి రాలిపోతే మిగిలేది ఉత్త గుడ్డే. చిలకపచ్చ సంగతి వేరు. అది ఎండలో మన కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలను కూడా వెలుగుగా మార్చి చూపిస్తుంది. రాత్రి ఎండెక్కడిది? పగలు గుడ్డ పనిచేస్తుంది, రాత్రి పట్టీ పనిచేస్తుంది. రాత్రిపూట రోడ్డు మీద పనిచేసే మనిషికి పట్టీ చచ్చిన కోటిచ్చి, ఇచ్చామని రాసుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ఆదివారం అనుబంధానికి దీని మీదే ఒక వ్యాసం రాశాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసిన అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ప్రమాదాల్లో దెబ్బతిన్న బైకర్లను, రోడ్డు మీద మామూలుగా తిరిగేవాళ్లను పోల్చారు. మెరిసే బట్టలు వేసుకున్నవాళ్లకు ప్రమాదం 37 శాతం తక్కువ. పగటిపూట హెడ్‌లైటు వేసుకుంటే 27 శాతం. నల్ల హెల్మెట్ బదులు తెల్లది పెట్టుకుంటే 24 శాతం. అలాంటి కోటు వేసుకునేవాడు మొదటినుంచీ జాగ్రత్తపరుడే అయ్యుండొచ్చు, కాబట్టి ఆ ఘనతంతా గుడ్డకే కట్టబెట్టలేం. తెల్ల హెల్మెట్ మాట మాత్రం నాకు నచ్చింది. ఎలాగూ కొనేదే కదా.

హెడ్‌లైటు విషయంలో మనవాళ్లు ఎంత కంగారుపడ్డారో గుర్తుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు లైటు ఆరకుండా వెలిగేలా చేశారు. నా బండి ఆ తర్వాతదే. పట్టపగలు ఎదురొచ్చిన ప్రతివాడూ గుప్పిట తెరిచి మూసి చూపించేవాడు. ఆడవాళ్లు స్కూటీ ఆపి మరీ “అన్నా, లైటు!” అని చెప్పేవారు. నాకు మొదట విసుగొచ్చేది. తర్వాత తట్టింది, వాళ్లందరూ నన్ను చూశారు!

ఒక రాత్రి మంగళగిరి ఇవతల దూరంగా రెండు వెండి గీతలు నేలబారుగా మెరిశాయి. రోడ్డు పని జరుగుతోందేమో అనుకుని వేగం తగ్గించాను. పని కాదు, కుర్రాడు పడున్నాడు. రేడియం కోటు కొత్తది, పట్టీలు నిక్షేపంలా ఉన్నాయి. పార్కింగ్ లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపిన లారీని వెనకనుంచి గుద్దాడు. లారీ వెనక హెచ్చరికగా పెట్టినవి రెండు రాళ్లు, ఒక వేపకొమ్మ. డోరు మీద ఉండాల్సిన ఎర్ర రేడియం పట్టీ సగం చిరిగింది, మిగతా సగం మీద మట్టి పేరుకుపోయింది. కుర్రాడికి స్పృహ ఉంది. కాలు విరిగింది. “లారీ కనపళ్లేదన్నా” అని అదే మాట అంటున్నాడు.

108కి ఫోను చేసి, నా కోటు విప్పి లారీ డోరు కొక్కేనికి వేలాడదీశాను. అప్పటిదాకా మా మీదికొచ్చి పక్కకు కోసుకుంటున్న కార్లు అంత దూరం నుంచే నెమ్మదించాయి. అంబులెన్సు వచ్చేదాకా అదే మాకు అడ్డు. ఫ్రాన్సులో 2016 నుంచి ప్రతి బైకరు దగ్గరా ఈ కోటు ఉండాలి. నడిపేటప్పుడు కాదు, దారిలో ఆగిపోయి బండి దిగితే వేసుకోవడానికి. ఆ నిబంధన ఎందుకు పెట్టారో అప్పుడు బోధపడింది.

ఈ సంగతి విని మా డెస్కు మిత్రుడు, హెల్మెట్‌లాగే కోటునూ తప్పనిసరి చేసి చలానాలు వేయాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. వేసుకోమని ఎవరికైనా చెబుతాను, నేనూ వేసుకుంటాను. కానీ లారీకి రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 104వది ఎప్పటినుంచో ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టే రోజు మెరిసే పట్టీ ఆ తర్వాత ఏమవుతుందో అడిగే నాథుడు లేడు. అది అమలు కాకుండా కోటు చట్టం వస్తే, రేపు గుద్దించుకున్నవాణ్ణే “కోటేదిరా?” అంటారు. మావాడు ఆ వాదన ఒప్పుకోలేదు. రెండూ కావాలంటాడు. ఇప్పటికీ తెగలేదు.

ఆ వారమే ఆటోనగర్‌లో స్టిక్కర్ల కొట్టుకెళ్లి రేడియం టేపు అడిగాను. “లారీ నంబరెంత?” అన్నాడు కొట్టతను. జర్కిన్‌కి అన్నాను. నవ్వాడు. “బట్టకు అంటదు సార్, హెల్మెట్ ఇటివ్వండి” అని లాక్కుని, పాత లుంగీ ముక్కతో తుడిచి, వెనకవైపు అడ్డంగా ఒక ముక్క తనే అంటించాడు. డబ్బులివ్వబోతే, ఇంత ముక్కకు డబ్బులేంటి సార్ అన్నాడు.