వాగు మీద దుంగ

జర్మనీలో మా నాలుగేళ్ళ అమ్మాయి వెళ్ళే బడికి గోడల్లేవు. ఊరి చివర అడవి, చలికి కాసేపు తలదాచుకోవడానికి ఒక చెక్క బండి ఉన్నాయి. వానొచ్చినా మంచు పడినా రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని పిల్లలు బయటే ఉంటారు. ఈదురుగాలి హెచ్చరిక ఉంటే మాత్రం కొమ్మలు విరిగిపడతాయని అడవిలోకి పోనివ్వరు.

డెన్మార్క్‌లో 1950లలో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి పిల్లల్ని అడవికి తీసుకెళ్ళడంతో మొదలైన పద్ధతి ఇది. జర్మనీలో ఫ్లెన్స్‌బుర్గ్‌లోని అడవి బడికి 1993లో ప్రభుత్వ గుర్తింపు వచ్చాక బాగా పాకింది. ఇప్పుడు వెయ్యికి పైనే ఉన్నాయి.

ఒకరోజు టీచర్లకు తోడుగా నేనూ వెళ్ళాను. మోకాలి లోతైనా లేని వాగు మీద వంతెన వేయాలని నలుగురు పిల్లలు పూనుకున్నారు. మొదట తెచ్చిన కర్ర అవతలి గట్టుకు అందలేదు. పొడుగు దుంగ దొరికింది గానీ ముగ్గురు పట్టినా లేవలేదు. ఒకడు ఎత్తడం మానేసి దొర్లించాడు. మా అమ్మాయి నాచు పట్టిన ఆ దుంగ మీద కాలు పెట్టి, జారేట్టుందని వెనక్కి తీసుకుంది. కాసేపు చూసింది. తర్వాత బోర్లా పడుకుని పాక్కుంటూ దాటింది. టీచరమ్మ నాలుగడుగుల దూరంలో సిద్ధంగా నిలబడింది. సాయం ఎవరూ అడగలేదు.

దుంగ పొడవు, బరువు పిల్లల చేతులకే తెలిశాయి. నాకు అంతకన్నా నచ్చింది, 'నా వల్ల అవుతుందా' అన్న లెక్క పిల్ల తనే వేసుకోవడం. చెయ్యి పట్టుకుని దాటిస్తే ఆ లెక్క మనం వేసినట్టవుతుంది.

అలాగని వదిలేయరు. పిలిస్తే వినపడనంత దూరం పోకూడదు. నేల దగ్గర కాసే పళ్ళు కడగకుండా తినకూడదు, నక్కల నుంచి వచ్చే బద్దెపురుగు గుడ్లు వాటి మీద ఉండొచ్చు. ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ వెనక పిడుదులు పట్టాయేమో వెతుకుతాను. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది.

"జలుబు చేస్తుందే, కూర్చోబెట్టి నాలుగక్షరాలు దిద్దించకూడదూ" అంటుంది మా అమ్మ, వీడియోలో బురద బట్టలు చూసి. ఆరేళ్ళకు ఇక్కడి బడిలో ఎలాగూ దిద్దిస్తారమ్మా అంటాను.

ఈ వేసవికి ఊరొస్తున్నాం. సమ్మర్ క్యాంపులో చేర్పిద్దామని అన్నయ్య అంటే వద్దన్నాను. పొద్దుటా సాయంత్రం మా మామిడితోట చాలు, వాళ్ళబ్బాయినీ పంపమన్నాను. తోటలో పాములుంటాయి కాబట్టి నాన్న దగ్గరుండి కనిపెట్టుకుంటానన్నారు. ఏం ఆడాలో మాత్రం చెప్పొద్దని ఆయన దగ్గర ముందే మాట తీసుకున్నాను.