బేతాళుడి ప్రశ్న

జెద్దా నుంచి ఎర్ర సముద్రం వెంబడి ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్లు వస్తే మా రాబిగ్. రిఫైనరీ పుణ్యమా అని ఇక్కడ మన తెలుగువాళ్ళం కొద్దిమందిమి ఉన్నాం. ఉద్యోగాలు వేరైనా మాలో ఆరుగురికి ఉన్న పిచ్చి ఒక్కటే, చందమామ! ఆకాశంలోది కాదండోయ్, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల పత్రిక.

శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక సముద్రం ఒడ్డున చాప పరిచి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చున్నామంటే ఇక కబుర్లే కబుర్లు. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు రాసి, బహుమతి కోసం రోజూ పోస్ట్‌మాన్ దారి కాసిన జ్ఞాపకం ఒకరిది. అద్దె పుస్తకాల షాపులో నిలబడే సగం పుస్తకం చదివేసి తిట్లు తిన్న జ్ఞాపకం మరొకరిది. కుటుంబరావు గారి తెలుగే తెలుగని ఇంకొకరి వాదన. ‘రాకాసిలోయ’ గొప్పదా, ‘శిథిలాలయం’ గొప్పదా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ రెండూ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మాలో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది.

ఒక శుక్రవారం నేను పందెం కాశాను. శవాన్ని భుజాన వేసుకుని కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ వడ్డాది పాపయ్య గారిదేనని! కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వెల్డర్ తమ్ముడు నవ్వాడు. "కాదన్నా, గది శంకర్ గారి బొమ్మ. మా పెద్దనాయిన పుస్తకంల వందసార్లు చూసిన" అన్నాడు. ఒకాయన సెలవు నుంచి తెచ్చుకున్న పాత సంచిక తీసి చూస్తే అతనన్నదే నిజం. కంప్యూటర్లలో మాస్టర్స్ చదివిన నేను అందరికీ మందీ తినిపించాల్సి వచ్చింది.

భోజనం మధ్యలో అతనికి ఫోన్ వచ్చింది. ఊళ్ళో ఉన్న ఎనిమిదేళ్ళ కొడుకు. కాస్త దూరంగా వెళ్ళి కథ మొదలుపెట్టాడు. సరిగ్గా బేతాళుడు ప్రశ్న వేసే చోట ఆపేసి, "జవాబు రేపు నువ్వే చెప్పాలె" అని పెట్టేశాడు. రోజూ ఇంతేనట. "రెండేండ్లకోసారి పోత. ఎత్తుకునుడైతే లేదు గదన్నా, కథన్న చెప్పాలె" అన్నాడు.

నాకు ముద్ద దిగలేదు. నా కూతురు పక్క గదిలోనే పడుకుంటుంది. పదేళ్ళు నిండాయి, ఒక్క బేతాళ కథ చెప్పలేదు. తెలుగు చదవడమూ రాదు. మా నాన్నగారు బైండు చేయించిన చందమామలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లవాడికి వేసిందీ నేనే. జ్ఞాపకాలు నెమరేసుకోవడమే చందమామని ప్రేమించడం అనుకున్నాను. ఆ తమ్ముడు మాత్రం దాన్ని వాడుకుంటున్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయికి కథ చెప్పి, ప్రశ్న దగ్గర ఆపాను. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే జవాబు చెప్పింది. విక్రమార్కుడి జవాబు కాదు, తనదే! వాదించుకుంటూ అన్నం తిన్నాం. ఇప్పుడు కూడబలుక్కుని ‘చం... ద... మా... మ’ అని చదువుతోంది.

చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. శంకర్ గారు 2020లో వెళ్ళిపోయారు. కథలు మాత్రం మన నోళ్ళలో ఉన్నాయి. పిల్లలూ, ఈ రాత్రి అమ్మనో నాన్ననో ఒక కథ అడగండి. "టైం లేదు" అంటే ఊరుకోకండి. తెలిసీ చెప్పకపోతే తల ఏమవుతుందో బేతాళుడు ఎప్పుడో హెచ్చరించాడని గుర్తు చేయండి!