యూడీపీ జోకు మీకు అందిందా?

మన గ్రూప్‌లోని ఒక చెల్లి ఈ మధ్య మెసేజ్ పెట్టింది. నెట్‌వర్క్స్ క్లాసులో సార్ ఏదో జోకు వేశారట, ముందు బెంచీల వాళ్లు పగలబడి నవ్వారట, తనకి ఒక్క ముక్క అర్థం కాలేదట. "అన్నా, నేను అసలు ఈ బ్రాంచికి పనికొస్తానా?" అని అడిగింది. తనకి ఫోన్‌లో చెప్పిందే అందరి కోసం కొంచెం వివరంగా రాస్తున్నా. ఇలాంటి అనుమానం ఇంకా ఎంతమంది మనసులో పెట్టుకుని తిరుగుతున్నారో!

జోకు ఇదీ: "మీకో యూడీపీ జోకు చెప్తా, కానీ అది మీకు అందకపోవచ్చు." అంతే, అయిపోయింది.

నెట్‌వర్క్‌లో మనం పంపేది చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఆ ముక్కనే ప్యాకెట్ అంటారు. యూడీపీ పద్ధతిలో ప్యాకెట్‌ని పంపి వదిలేయడమే. చేరిందా, దారిలో పోయిందా, వరస తప్పిందా అని చూసుకోదు. మనకిది కొత్తా? వారపు సంతలో మన ఊరి వైపు వెళ్లే మనిషి కనిపిస్తే "మా అమ్మకి చెప్పు, వచ్చే వారం వస్తానని" అని కబురు పెడతాం. ఆయన చెప్తాడో, మర్చిపోతాడో, దారిలో చుట్టాలింట్లో రెండు రోజులు ఉండిపోతాడో మనకి తెలీదు. మన చేతిలో పని అయిపోయింది, అంతే. అదే యూడీపీ. తెలుగులో ఈ జోకు ఇంకా బాగా కుదురుతుంది. "అందలేదు" అంటే చేరలేదనీ అర్థమే, బుర్రకి ఎక్కలేదనీ అర్థమే కదా.

టీసీపీ అలా కాదు. సిగ్నల్ కోసం కొండెక్కి ఫోన్ చేసేవాళ్లకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. "హలో, వినపడతందా?" "ఆఁ వినపడతంది, నీకు వినపడతందా?" "ఆఁ, చెప్పు." ఈ మూడు మాటలూ అయ్యాకే అసలు విషయం మొదలవుతుంది. పుస్తకంలో వీటినే సిన్, సిన్-యాక్, యాక్ అన్నారు, మొత్తానికి త్రీ-వే హ్యాండ్‌షేక్ అని పేరు పెట్టారు. టీసీపీ జోకు కూడా ఇంతే. "జోకు వింటావా?" "వింటా, చెప్తావా?" "చెప్తా, రెడీనా?" అని సాగుతూనే ఉంటుంది, జోకు మాత్రం రాదు. చదివితే పెద్దగా నవ్వు రాదు గానీ హాస్టల్లో ఇద్దరు నిలబడి యాక్టింగ్ చేస్తే భలే ఉంటుంది.

మరి సంత కబురు లాంటి యూడీపీ ఎందుకు అంటారా? వీడియో కాల్‌లో పోయిన ముక్కని మళ్లీ తెప్పించుకునేలోపు మాట ముందుకెళ్లిపోతుంది. ఆలస్యంగా వచ్చిన ముక్క దేనికీ పనికిరాదు. ఇంటర్వ్యూలో టీసీపీకీ యూడీపీకీ తేడా అడిగితే ఈ రెండు జోకులూ గుర్తు తెచ్చుకోండి, సగం జవాబు అందులోనే ఉంది.

నాకు అన్నింట్లోకీ ఇష్టమైంది పావురాల జోకు. ఇంటర్నెట్ నియమాలు రాసే పత్రాలని ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. 1990 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సీ 1149 వచ్చింది. పావురాల మీద ఇంటర్నెట్ ప్యాకెట్లు ఎలా పంపాలో అందులో చాలా సీరియస్‌గా రాశారు. ఏప్రిల్ ఫూల్ అన్నమాట. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లినక్స్ కుర్రాళ్లు దాన్ని నిజంగానే చేసి చూశారు. కాగితం మీద ప్యాకెట్ ప్రింట్ తీసి పావురం కాలికి చుట్టి పంపారు. 9 పంపితే 4 జవాబులే వచ్చాయి. అన్నిటికంటే త్వరగా వచ్చినదానికే 50 నిమిషాలు దాటింది.

వాళ్లకిది నవ్వులాట. మన అరకు పక్కనున్న కోరాపుట్‌లో మాత్రం 1946లోనే ఒడిశా పోలీసులు పావురాలతో కబుర్లు పంపడం మొదలుపెట్టారు. వైర్‌లెస్ గానీ, టెలిఫోన్ గానీ లేని కొండ ఊళ్ల కోసం. 1999 సూపర్ సైక్లోన్‌కి లైన్లన్నీ తెగిపోయినప్పుడు కూడా ఆ పావురాలు పనికొచ్చాయి. ప్యాకెట్ లాస్ అంటే ఏంటో ఆ కొండల్లో వాళ్లకి పుస్తకం లేకుండానే తెలుసు. మనమూ అంతేగా, నెట్ అందని ఊరికి సినిమాని మెమరీ కార్డులో వేసి బస్సులో పంపినవాళ్లమే.

418 అనే ఎర్రర్ కోడ్ కూడా ఉంది. కాఫీ పెట్టమని అడిగితే "నేను టీ కెటిల్‌ని" అని జవాబిస్తుంది. అది 1998 ఏప్రిల్ ఫూల్. సరదాకి ఓకే.

ఆఖరిది, టీ షర్టుల మీద కనిపించేది: "127.0.0.1ని మించిన చోటు లేదు." ఇంగ్లీషులో ఇంటిని మించిన చోటు లేదనే మాట ఒకటుంది. అందులో ఇల్లు తీసేసి ఈ నంబర్ పెట్టారు. ఏ కంప్యూటర్‌కైనా ఈ నంబర్ అంటే తనే, తన సొంతిల్లు. ఈ సెలవులకి సిగ్నల్ లేని ఊరికి లాప్‌టాప్ తీసుకెళ్లేవాళ్లు వైఫై కూడా ఆపేసి 127.0.0.1కి పింగ్ కొట్టి చూడండి. ఒక్క ప్యాకెట్ కూడా పోదు.