మాసాయి సీమలో చెట్టునీడ దేవాలయాలు

కెన్యా రాజధాని నైరోబీకి ఆ పేరు మాసాయి భాష నుండి వచ్చింది. ‘ఎంకరే నైరోబీ’ అంటే చల్లని నీరు. ఒకప్పుడు పశువులు నీరు త్రాగిన ఆ వాగు చుట్టూ నేడు మహానగరం పెరిగింది. పేరు పెట్టినవారు మాత్రం నగరానికి దూరంగానే ఉన్నారు. వారిని చూడదలచిన యాత్రికుడు దక్షిణంగా బయలుదేరి, కజియాడో మీదుగా నమంగా సరిహద్దు దాటి, టాంజానియాలోని లాంగిడో కొండ ప్రక్కగా అరూషా చేరే రహదారిని పట్టుకోవాలి. సుమారు 270 కిలోమీటర్ల ఆ ప్రయాణంలో తుమ్మచెట్లు, ఎర్రమట్టి, ఎండిన గడ్డిమైదానాలు, వాటి నడుమ ఎర్రని షుకా కప్పుకొని కర్రపై ఆనుకొని నిలుచున్న పశువుల కాపరులు కనిపిస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన తూర్పు దిక్కున కిలిమంజారో హిమశిఖరం తళుక్కుమంటుంది.

విదేశీ యాత్రికులు సాధారణంగా ఈ దారిన సింహాలను, ఏనుగులను చూడటానికే వెళ్తారు. అయితే ఆదివారం ఉదయం ప్రయాణించే వారికి మరొక దృశ్యం కూడా కంటబడుతుంది. దారి ప్రక్కన పెద్ద తుమ్మచెట్టు నీడలో, లేదా రేకుల కప్పు వేసిన చిన్న పాకలో నూరు, నూటయాభై మంది చేరి పాడుతుంటారు. మెడ చుట్టూ వెడల్పైన పూసల పట్టీలు ధరించిన స్త్రీలు భుజాలు లయబద్ధంగా కదిలిస్తూ పాటనందుకుంటారు. కానుకగా వచ్చిన గ్రుడ్లు, పాలు, మేకపిల్ల ప్రార్థన ముగిసిన తరువాత ఆరుబయట వేలానికి వస్తాయి. ఆ వేలాన్ని అక్కడివారు ‘మ్నాడా’ అంటారు. ఆ గుంపును నిదానించి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కూర్చున్నవారిలో అధికులు స్త్రీలు. మాసాయి క్రైస్తవ చరిత్ర సారమంతా ఆ ఒక్క సంగతిలో ఉన్నదనవచ్చు.

భాష, దైవం

మాసాయిల భాష పేరు ‘మా’. తెలుగువారికి ఈ పేరు వింతగా తోచవచ్చు. ఆ భాష పలికేవారు గనుకనే వారు మాసాయిలు. 2019 జనాభా లెక్కల ప్రకారం ఒక్క కెన్యాలోనే వారి సంఖ్య సుమారు 11 లక్షల 90 వేలు. టాంజానియాలో మరెందరో ఉన్నారు. అరూషా చుట్టుప్రక్కల వ్యవసాయం చేసుకొనే అరూషా తెగవారి భాష కూడా ఇదే.

వారి దైవం ‘ఎంకాయ్’. ఆకాశానికీ, వానకూ అదే మాట. వ్యాకరణ రీత్యా అది స్త్రీలింగ పదం. వాన కురిపించే కరుణామూర్తి నల్లని ఎంకాయ్, ఆగ్రహించి కరవు తెచ్చేది ఎర్రని ఎంకాయ్. లోకంలోని పశువులన్నింటినీ ఎంకాయ్ ఆకాశం నుండి తోలుతాటి మీదుగా తమకే దించి ఇచ్చిందని వారి పురాగాథ. టాంజానియా ఉత్తరాన 2,962 మీటర్ల ఎత్తున ‘ఓల్డోయిన్యో లెంగాయ్’, అనగా దైవపర్వతం, నేటికీ సజీవమైన అగ్నిపర్వతం. ప్రపంచంలో మరెక్కడా లేనివిధంగా సోడా క్షారాలతో కూడిన నల్లని లావా దాని నుండి వెలువడుతుంది. 2007లో అది పెద్దయెత్తున బ్రద్దలైంది. సంతానం కోసం, వానల కోసం స్త్రీలు ఆ పర్వతం వైపు తిరిగి ప్రార్థించే ఆచారం అనాదిగా ఉన్నది.

ప్రొద్దున్నే పాలు పితికిన స్త్రీ మొదటి చుక్కలను నేలపైనా, గాలిలోనూ చిలకరించి ఎంకాయ్‌ను స్మరిస్తుంది. దైవంతో నిత్యసంభాషణ అక్కడ స్త్రీల విధిగానే ఉండేదని గుర్తుంచుకుంటే, తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

ఫలించని తొలి ప్రయత్నాలు

మాసాయి భాషను తొలిసారి అచ్చుకెక్కించినవారు క్రైస్తవ బోధకులే. జర్మన్ దేశస్థుడైన యోహాన్ లుడ్విగ్ క్రాఫ్ 1854లో ఒక పదకోశాన్ని ప్రచురించారు. ఆయన సహచరుడు యాకోబ్ ఎర్హార్ట్ 1857లో మరొకటి వెలువరించారు. మాటలు సేకరించడం జరిగింది గాని, మనుషులు దగ్గర కాలేదు. 1896లో మేరు పర్వతం వాలున అకేరి వద్ద విడిది చేసిన లైప్‌జిగ్ మిషన్ లూథరన్ బోధకులు ఓవిర్, సెగెబ్రోక్ అనే ఇద్దరు యువకులు స్థానిక యోధుల చేతిలో హతులయ్యారు. జర్మన్ సైనికాధికారం తమ నేలపైకి చొచ్చుకువస్తున్న కాలమది. వచ్చినవాడు బోధకుడో, సైనికుడో విడదీసి చూసే పరిస్థితి వారికి లేదు.

అప్పటికే ఆ జాతి కోలుకోలేని దెబ్బ తిన్నది. 1890ల నాటి పశువుల మహమ్మారి, మశూచి, కరవు కలిసి మందలను, మనుషులను తుడిచిపెట్టాయి. మాసాయిలు ఆ కాలాన్ని ‘ఎముతాయ్’, అంటే సర్వనాశనం, అని పిలుస్తారు. ఆపై బ్రిటిష్ ప్రభుత్వం 1904, 1911 ఒప్పందాలతో వారి పచ్చికబయళ్లను తెల్లవారి వ్యవసాయక్షేత్రాలకు అప్పగించింది.

కెన్యాలో ఆఫ్రికా ఇన్‌లాండ్ మిషన్‌కు చెందిన జాన్ స్టౌఫాకర్ దంపతులు వారి మధ్య పని ప్రారంభించారు. తొలితరం విశ్వాసులలో ముఖ్యుడు మొలోంకెట్ ఓలె సెంపెలె. ఆయన 1909లో అమెరికా వెళ్లి, వర్జీనియాలో నల్లజాతివారి విద్యాలయంలో చదివి తిరిగివచ్చారు. చివరకు స్త్రీల సున్తీ ఆచారం విషయమై మిషన్ పట్టుబట్టినప్పుడు, 1930 ప్రాంతంలో ఆయన దాని నుండి వేరుపడ్డారు. మతం స్వీకరించినవాడు సైతం ఆచారానికీ, బోధకుని ఆజ్ఞకూ నడుమ నలిగిపోవలసివచ్చిందని ఈ ఉదంతం చెబుతున్నది.

లోలియోండో పాఠం

1950ల నుండి టాంజానియాలో కథోలిక పవిత్రాత్మ సభకు చెందిన అమెరికన్ గురువులు మోండులీ, లోలియోండో ప్రాంతాలలో బడులు, ఆసుపత్రులు నెలకొల్పారు. బడికి పిల్లలు వచ్చారు, ఆసుపత్రికి రోగులు వచ్చారు. విశ్వాసులు మాత్రం రాలేదు. 1966లో విన్సెంట్ డోనోవన్ అనే గురువు లెక్క తీసి చూసుకున్నారు. లోలియోండోలో మిషన్ వెలసి ఏడేళ్లయినా క్రైస్తవ జీవితం గడుపుతున్న వయోజన మాసాయి ఒక్కరూ లేరు. ఆ సంగతిని దాపరికం లేకుండా తన బిషప్‌కు వ్రాసి, ఇకపై బడి, మందులు అనే మాటే ఎత్తకుండా, ఒక్కొక్క బొమాకు వెళ్లి పెద్దలతో దైవం గురించి మాత్రమే మాట్లాడతానని అనుమతి కోరారు.

ఆయన వచ్చిన పని విన్న ఒక పెద్ద, ఇదే మీ ఉద్దేశమైతే ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని నిలదీశాడట. ఏడాది బోధన తరువాత, శ్రద్ధగా హాజరైనవారికే బాప్తిస్మం ఇవ్వాలని డోనోవన్ ఎంపిక మొదలుపెట్టగా, న్దంగోయా అనే పెద్ద అడ్డుకున్నాడు. సోమరికి ఉత్సాహవంతుడు తోడుపడ్డాడు, మందమతికి తెలివైనవాడు విడమరచి చెప్పాడు, కనుక తామందరూ కలిసే నమ్మారని ఆయన వాదన. వచ్చిన గురువే అక్కడ శిష్యుడయ్యాడు. అన్ని బొమాలూ ఒప్పుకోలేదు. అంతా విని, అర్థం చేసుకొని, మాకు వద్దని మర్యాదగా సెలవు చెప్పినవారూ ఉన్నారు. డోనోవన్ వారి నిర్ణయాన్ని గౌరవించి తిరిగివచ్చారు.

మాసాయిలకు పచ్చగడ్డి పవిత్రం. గడ్డి ఉంటేనే పశువులు, పశువులుంటేనే బ్రతుకు. తగవు తీరినప్పుడు గుప్పెడు గడ్డిని ఒకరికొకరు అందించుకోవడం శాంతికి గుర్తు. డోనోవన్ కాలంలో ఆ బొమాలలో ఆరాధనకు ముందు గడ్డి చేతులు మారేది. ఎవరైనా దానిని నిరాకరిస్తే, అనగా తగవు తీరకుంటే, ఆనాటి ఆరాధన నిలిచిపోయేది. మాసాయి పురుషుడు స్త్రీల ఎదుట భుజించడు. అటువంటి చోట అందరూ ఒకే రొట్టెను, ఒకే పాత్రను పంచుకోవలసిరావడం సామాన్యమైన మార్పు కాదు. డోనోవన్ 1973లో అక్కడి నుండి వెళ్లి, 1978లో వెలువరించిన ‘క్రిస్టియానిటీ రీడిస్కవర్డ్’ గ్రంథంలో ఈ అనుభవాలను వివరించారు. ఆ గ్రంథం చివర ఉన్న మాసాయి విశ్వాసప్రమాణం సిలువ వేయబడిన యేసు దేహం దుమ్ములగొండ్ల పాలు కాలేదని ప్రత్యేకించి చెబుతుంది. మృతదేహాలను మైదానంలో విడిచిపెట్టే ఆచారం గలవారికి ఆ మాట ఎంత లోతుగా తాకిందో ఊహించవచ్చు.

పిలవని పేరంటం

ఆనాటి గురువుల దృష్టి ప్రధానంగా పురుషులపైనే ఉండేది. పెద్దలు ఒప్పుకుంటే ఊరంతా వస్తుందనీ, బాలురు చదివితే భావి నాయకులవుతారనీ వారి అంచనా. వచ్చినవారు మాత్రం స్త్రీలు. అమెరికన్ మానవశాస్త్రవేత్త డొరోతీ హాడ్జ్‌సన్ టాంజానియాలో సుదీర్ఘకాలం పరిశోధించి, 2005లో ప్రచురించిన తన గ్రంథానికి ‘ద చర్చ్ ఆఫ్ విమెన్’ అనే పేరు పెట్టడంలో ఔచిత్యం ఇదే.

ఇందుకు కారణాలు పెక్కు. వలసపాలనలో పశువులపై, పన్నులపై, ఊరి వ్యవహారాలపై అధికారమంతా పురుషుల చేతికి పోయింది. ఆవుపేడతో అలికి తన ఇంటిని తానే కట్టుకొనే స్త్రీకి, ఆ ఇంటి వెలుపల చెప్పుకోదగిన స్థానం మిగలలేదు. అదే కాలంలో ‘ఒర్పెకో’ అనే బాధ స్త్రీలలో వ్యాపించింది. వణుకు, మూర్ఛ, తన్నుకులాట దాని లక్షణాలు. ఆవహించిన ఆ దుష్టశక్తి బాప్తిస్మంతోనే వదులుతుందనే నమ్మకం బలపడింది. చర్చికి పోవద్దని శాసించిన భర్తలే, భార్య ఆరోగ్యం కోసం అయిష్టంగా పంపవలసివచ్చింది. బహుభార్యాత్వం మరొక ముడి. పలువురు భార్యలున్న పురుషునికి బాప్తిస్మమివ్వడానికి చాలా సంఘాలు నిరాకరించాయి. ఉన్న భార్యలను వెళ్లగొట్టి క్రైస్తవుడవడం ఏపాటి ధర్మమని మోండులీలో పనిచేసిన యూజిన్ హిల్‌మన్ అనే గురువే 1975 నాటి తన గ్రంథంలో ప్రశ్నించారు. తలుపు పురుషునికి మూసుకొని, స్త్రీకి తెరచి ఉండిపోయింది.

అన్నింటికీ మించి, వారానికొకసారి ఇరుగుపొరుగు స్త్రీలు భర్తల అనుమతి కోసం ఎదురుచూడకుండా కలిసి కూర్చొని, పాడి, కష్టసుఖాలు చెప్పుకొనే చోటు అది. పైగా కొలిచే దైవం కొత్తవాడు కాడు. ప్రార్థనలోనూ, 1991లో సంపూర్ణంగా వెలువడిన మాసాయి బైబిలులోనూ దేవుని పేరు ‘ఎంకాయ్’ అనే ఉన్నది. ప్రొద్దున్నే పాలచుక్కలు చిలకరించిన చేతులే ఆదివారం ఆకాశం వైపు చాచబడ్డాయి.

నిన్న, నేడు

ఇప్పుడు బోధకులు పరదేశీయులు కారు. మాసాయి గురువులు, పాస్టర్లు, ఉపదేశకులు వచ్చారు. 2013లో మరణించిన అరూషా ప్రాంత లూథరన్ బిషప్ థామస్ లైజర్ ఆ జాతివారే. మోండులీలో లూథరన్ సంఘం 1995లో మాసాయి బాలికల కోసమే ఒక మాధ్యమిక పాఠశాలను ప్రారంభించింది. బాల్యవివాహాన్ని తప్పించుకొని వచ్చిన పిల్లలు అక్కడ చదివి ఉపాధ్యాయినులు, నర్సులు అయ్యారు. స్త్రీల సున్తీని టాంజానియా 1998లో, కెన్యా 2011లో చట్టరీత్యా నిషేధించాయి. ఒకప్పుడు ఓలె సెంపెలెను మిషన్ నుండి వేరుచేసిన ఆ ఆచారాన్ని విడనాడాలని ఇవాళ మాసాయి తల్లులే వాదిస్తున్నారు. పరాయివాని ఆజ్ఞకు లొంగని చోట తల్లి మాట చెల్లుబాటు అవుతున్నది.

అయినా చిత్రమంతా వెలుగే కాదు. కొన్ని సంఘాలు పూసలు, నృత్యాలు, యువయోధుల సంస్కారాలు అన్యాచారాలని త్రోసిపుచ్చాయి. తాతకూ మనుమనికీ నడుమ ఆ గీత పడిన ఇళ్లు ఉన్నాయి. 2020 నుండి 2023 దాకా కెన్యాను పీడించిన కరవులో మందలు కూలిపోయాయి. 2022లో లోలియోండోలో వన్యప్రాణి సంరక్షణ పేరిట హద్దులు పాతినప్పుడు ఘర్షణలు చెలరేగాయి. డోనోవన్ నడిచిన నేలపైనే గడ్డి ఎవరిదన్న ప్రశ్న మళ్లీ లేచింది. గడ్డి దక్కనినాడు శాంతికి గుర్తుగా అందించుకోవడానికి ఏమి మిగులుతుందని అక్కడి స్త్రీలు భయపడటం సహజమే.

ఏ విశ్వాసమైనా ఒక జాతిలో వేళ్లూనడం వచ్చినవారి ప్రణాళికను బట్టి గాక, అందుకున్నవారి అవసరాన్ని బట్టి జరుగుతుందని మాసాయి సీమ చెబుతున్నది. అరూషా దారిన ప్రయాణించే అవకాశం మన ఉద్యోగ మిత్రులలో ఎవరికైనా కలిగితే, సింహాలను చూసే తొందరలో ఆ చెట్టునీడలను దాటిపోవద్దని మనవి. పాట వినిపించిన చోట కారు ఆపి, దూరంగా నిలబడి, అనుమతి అడిగి లోపలికి వెళ్లండి. మర్యాదగా వచ్చిన అతిథికి అక్కడ కూర్చోవడానికి చోటిస్తారు.