పాతికేళ్ల సెలవులు ఒకేసారి కొనాలా? అరకులో తేలిన లెక్క

మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఈ ఫోన్ వచ్చే ఉంటుంది. ‘‘సార్, మాల్‌లో కూపన్ నింపారు కదా, మీరు గెలిచారు! మూడు రోజుల ట్రిప్ ఫ్రీ. మీరూ మేడమూ వచ్చి ఓ గంట మా ప్రెజెంటేషన్ వింటే చాలు.’’ మా ఇంట్లో అది బావకి వచ్చింది.

విశాఖలో ఓ పెద్ద హోటల్లో ఆ గంట కాస్తా మూడు గంటలైంది. బయటికొచ్చేసరికి బావ చేతిలో రంగురంగుల బ్రోచర్, దాని వెనకాల పెన్నుతో రాసిన అంకెలు. పన్నులతో కలిపి 5 లక్షలు కడితే, ఏడాదికి 7 రాత్రుల చొప్పున 25 ఏళ్లు వాళ్ల రిసార్టుల్లో ఉండొచ్చు. దానికి తోడు ఏటా 20 వేలు నిర్వహణ ఫీజు. ఈ ధర సోమవారం దాకా మాత్రమే!

బావకి అప్పుడే చీటీ డబ్బు 4 లక్షలు చేతికొచ్చింది. ఆ ఇంట్లో ఉన్న నగదు అదొక్కటే. అక్కది కాంట్రాక్టు ఉద్యోగం, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. మిగతా లక్ష ఈఎంఐ పెట్టుకుందామని బావ ఆలోచన. అదృష్టవశాత్తూ శని, ఆదివారాలు అరకు వెళ్లాలని మేం నెల ముందే అనుకున్నాం. ‘‘అక్కడ కూర్చుని తేల్చుకుందాం బావా’’ అన్నాను.

కొండెక్కిన రైలు

కిరండూల్ పాసింజర్ విశాఖలో పొద్దున్నే బయల్దేరుతుంది. అద్దాల విస్టాడోమ్ బోగీలో టికెట్లు దొరకలేదు. మామూలు బోగీలోనే ఆరుగురం సర్దుకున్నాం: అక్క, బావ, ఇద్దరు పిల్లలు, బావ వాళ్లమ్మ, నేను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. ప్రతి సొరంగంలోనూ బోగీ మొత్తం ఒకటే కేకలు. నాలుగో సొరంగం నుంచి మా అత్తయ్యగారు కూడా మొదలుపెట్టారు.

బొర్రా గుహలు దాటాక బావ కిటికీ దగ్గరికి జరిగి మెల్లగా చెప్పాడు. ‘‘మా నాన్న ఆర్టీసీ కండక్టర్ రా. ఊళ్లన్నీ తిరిగాడు. మమ్మల్ని మాత్రం ఒక్క ఊరికీ తీసుకెళ్లలేదు. వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అనేవాడు. డబ్బు ముందే కట్టేస్తే నేనలా వాయిదా వెయ్యలేను కదా!’’

నాకు అప్పుడర్థమైంది. బ్రోచర్లో ఈత కొలను బొమ్మ చూసి పడిపోయే మనిషి కాదు మా బావ. తన పిల్లలకి తన చిన్నతనం రాకూడదన్నదే ఆయన బాధ. దీనికి ‘అదంతా వేస్ట్ బావా’ అన్న ఒక్క మాట జవాబు కాదు.

గదిలో చోటెవరికి?

అరకులో స్థానిక గిరిజన కుటుంబం నడిపే ఓ చిన్న బసలో రెండు గదులు తీసుకున్నాం. గదికి 2,500. డిసెంబరు కాబట్టి చుట్టూ వలిసె పూలు, లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. ఇంటావిడ వేడివేడి చోడి జావ ఇచ్చింది. మధ్యాహ్నం గిరిజన మ్యూజియం చూసి, బొంగు చికెన్ తిని, సాయంత్రం కాఫీ తోటలోకి వెళ్లాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. ఈ అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది.

రాత్రి మంట ముందు కూర్చుని బ్రోచర్ తెరిచాం. మొదటి ప్రశ్న అక్కే వేసింది. ‘‘ఈ గదిలో ఎంతమంది పడతారు?’’ ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. అంటే అత్తయ్యగారికి చోటు లేదు. పెద్ద గది కావాలంటే ధర ఇంకా ఎక్కువ.

రెండోది సీజన్. ఈ మెంబర్‌షిప్పుల్లో సీజన్లని బట్టి రకాలుంటాయి. బావకి చెప్పిన ధర రద్దీ లేని రోజులది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు అందులో రావు. ‘‘పిల్లలకి సెలవులిచ్చేది అప్పుడేగా!’’ అంది అక్క. మూడోది, వాళ్ల రిసార్టుల జాబితాలో అరకే లేదు.

ఈ టైమ్‌షేర్ ఆలోచన 1960ల్లో యూరప్‌లో పుట్టింది. స్విట్జర్లాండ్‌లో, ఫ్రాన్స్ మంచు కొండల్లో ఒకే బసని చాలామంది వారాల లెక్కన పంచుకునేవాళ్లు. ఏటా ఒకే చోటికి స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లకి అది చక్కగా సరిపోయింది. మన దేశంలో 1980ల నుంచి ఉంది. ఇక్కడ చాలావాటిలో మనకి గది మీద యాజమాన్యం రాదు, వాడుకునే హక్కే ఉంటుంది. గడువు అయిపోయాక చేతిలో మిగిలేది ఫొటోలే. మధ్యలో అమ్ముకుందామన్నా బంగారంలా వెంటనే అమ్ముడుపోదు.

ఇక లెక్క

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను. మీరూ మీ అంకెలు పెట్టుకుని చూడండి.

5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే, 7 శాతం వడ్డీ అనుకుంటే, ఏడాదికి 35 వేలు. మెంబర్‌షిప్ కొంటే ఆ వడ్డీ పోయినట్టే. దానికి ఏడాది ఫీజు 20 వేలు కలిపితే 55 వేలు. ఏడు రాత్రులూ వాడుకుంటే రాత్రికి దాదాపు 7,850. నాలుగు రాత్రులే వాడుకుంటే 13,750. ప్రయాణం, తిండి దీనికి అదనం. ఇటు అరకులో మా ఆరుగురికీ రెండు గదులు కలిపి 5 వేలు. పైగా డిపాజిట్ అయితే 25 ఏళ్ల తర్వాత ఆ 5 లక్షలూ అలాగే ఉంటాయి.

‘‘హోటల్ అద్దెలు పెరగవా ఏంటి?’’ అన్నాడు బావ. న్యాయమైన ప్రశ్నే. పెరుగుతాయి. ఏడాది ఫీజు కూడా పెరుగుతుంది. అదెంత వరకు పెరగొచ్చో ఒప్పంద పత్రంలో చూడాలి, బ్రోచర్లో ఉండదు.

అప్పుడు అక్క వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గడిచిన మూడేళ్లలో ఎన్ని రాత్రులు బయట ఉన్నాం? తిరుపతి రెండు, శ్రీశైలం ఒకటి, పూరీ రెండు, ఇప్పుడు అరకు ఒకటి. మొత్తం ఆరు. మూడేళ్లకి!

బావ చాలాసేపు మంటకేసి చూస్తూ ఉండిపోయాడు.

అలాగని ఇది అందరికీ నష్టం అనను. ఏటా వారం రోజులు కచ్చితంగా సెలవు దొరికేవాళ్లు, రిసార్టులో పూలూ ఆటలూ ఇష్టపడేవాళ్లు, రద్దీ సీజన్లో ఊటీకో కూర్గ్‌కో వెళ్లి రాత్రికి పది, పన్నెండు వేలు ఎలాగూ పెట్టేవాళ్లు ఉంటారు. నెలల ముందే బుక్ చేసుకునే అలవాటు కూడా ఉంటే వాళ్లకి లాభమే కావచ్చు. చేతిలో ఉన్న ఆఖరి నాలుగు లక్షలు పెట్టి, పైన ఈఎంఐ తీసుకుని కొనాల్సింది మాత్రం కాదు.

సెంటు భూమి కూడా కొనలేం

ఆదివారం తెల్లారకముందే మాడగడ వెళ్లాం. కాళ్ల కింద మబ్బులు, వాటి మీద మెల్లగా ఎండ. పిల్లలు మాట్లాడటం మానేశారు, అదే పెద్ద వింత. బావకి కొత్త ఆలోచన వచ్చింది. ‘‘ఇక్కడే ఓ చిన్న స్థలం కొంటే?’’

జీపు డ్రైవర్ నవ్వాడు. ‘‘కుదరదు సార్. ఇక్కడ వన్ ఆఫ్ సెవెంటీ.’’

ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకుండా ఆపేది 1970 నాటి ఆ చట్టమే. ఈ కొండలు ఇంకా ఇక్కడివాళ్ల చేతుల్లో ఉండటంలో దానికి చాలా పాత్ర ఉంది. మనం ఇక్కడ అతిథులం మాత్రమే. గది అద్దె ఇస్తే అది ఆ ఇంటికి చేరుతుంది, మబ్బులు ఎలాగూ ఉచితం. ‘‘అయితే మళ్లీ రావడమొక్కటే దారి’’ అన్నాడు బావ.

తిరుగు రైల్లో బావ ఫోన్‌లో ఏదో నొక్కుతూ కూర్చున్నాడు. విశాఖ దగ్గరపడ్డాక చూపించాడు. నెలకి 4 వేల రికరింగ్ డిపాజిట్, ఏడాదికి 48 వేలు. ‘‘జీతం పడగానే కట్ అయిపోతుంది. ఇక నేనూ వాయిదా వెయ్యలేను’’ అన్నాడు. చీటీ డబ్బు కదపలేదు.

సోమవారం ఫోన్ వచ్చింది. వద్దని చెబితే, మరో 50 వేలు తగ్గిస్తామన్నారు. ఆఖరి రోజు ధర అన్నది అంత ఆఖరిది కాదన్నమాట.

మీకూ అలాంటి ఫోన్ వస్తే వెళ్లండి, కాఫీ తాగండి, సంతకం మాత్రం ఆ రోజు పెట్టకండి. ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకుని నాలుగు విషయాలు చూడండి: మీకు సెలవు దొరికే రోజులు అందులో ఉన్నాయా, మీ ఇంట్లో అందరికీ గది సరిపోతుందా, ఏడాది ఫీజు ఎంత వరకు పెరగొచ్చు, వద్దనుకుంటే ఎన్ని రోజుల్లోపు డబ్బు వెనక్కిస్తారు. నోటిమాటగా చెప్పింది కాగితం మీద లేకపోతే లేనట్టే. తర్వాత తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

బావ డిపాజిట్‌లో ఇప్పటికి మూడు నెలలు పడ్డాయి. ఈసారి ఊరు ఎంచుకునే వంతు అత్తయ్యగారిది. పాపికొండలు అన్నారు. లాంచీలో కిటికీ పక్క సీటు తనకేనని పిల్లలకి ఇప్పుడే చెప్పేశారు.