పదునొకండు నెలల ఇల్లు

హైదరాబాదునకు ఆగ్నేయమున నల్లగొండ, నైరృతి దిక్కున మహబూబ్‌నగరము, రెండును ఇంచుమించుగా నూఱేసి కిలోమీటర్ల దూరమున నున్నవి. నల్లగొండకు పూర్వనామము నీలగిరి. రెండవ పట్టణమునకు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేర 1890 లో నేటి నామము వచ్చెను గాని, జనులు నేటికిని పాలమూరనియే పిలుచుచున్నారు. యాత్రకు వచ్చినవారు పానగల్లులో ఛాయా సోమేశ్వరుని గుడిని, పాలమూరులో పిల్లలమఱ్ఱిని చూచి సంతోషముతో మఱలుదురు. మాది బదిలీల కుటుంబము. మేము ఈ రెండు ఊళ్లను గుమ్మములకు వ్రేలాడు టు-లెట్ పలకలను వెదకుచు, సందుసందు తిరిగి చూచితిమి. ఊరి స్వభావము గుడికంటె కిరాయి ఇంటి గడపయందే త్వరగా తెలియునని మా యనుభవము.

నల్లగొండ గుట్టల చెంతనున్న ఊరు. వేసవిలో ఆ రాళ్ల వేడి ప్రొద్దు గ్రుంకినను గోడలను విడువదు. ఇచట ఇల్లు చూడవచ్చిన స్త్రీ గదులకంటె ముందు నీళ్ల సంగతి నడుగును. భూగర్భజలములోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోయిన వారిని ఈ జిల్లా తరతరములుగా చూచినది. కావున కృష్ణనీరు వచ్చు కుళాయి యున్నదా, బోరునీరేనా యని విచారింపక అడ్వాన్సు ఇచ్చువారుండరు. ఇంటివారును తమ ప్రశ్నలు తాము వేయుదురు: ఎందఱుందురు, చుట్టములు తఱచుగా వత్తురా, మాంసము వండుదురా యని. కొన్ని గడపలకడ కులము నడుగుటయు మేము వింటిమి.

రామగిరి ప్రాంతమున ఒక మధ్యవర్తి మాకు నాలుగిండ్లు చూపెను. మేడమీది వాటా ఒకటి కుదిరెను. కిరాయి నెలకు 7,000 రూపాయలు. ఒక నెల కిరాయి అతనికి దలాలిగా ఇచ్చితిమి. ఎండలో తిరిగి చూపినవాని శ్రమకు అది తగినదే. 11 నెలలు గడిచెను. అంతట అతడు ఫోను చేసి, కిరాయినామా తిరుగవ్రాయుటకు సగము నెల కిరాయి, అనగా 3,500 రూపాయలు, పంపుడని కోరెను. ఈసారి అతడు చూపిన ఇల్లు లేదు, నడచిన వీధి లేదు. పాత కాగితముపై తేదీ మార్చుటయే పని. సొమ్ము రానిచో ఓనరమ్మ మఱొకరికి ఇచ్చునని మెల్లగా సూచించెను. బడి నడుచుచుండగా పిల్లలతో ఇల్లు మారుట యెంత కష్టమో తెలిసిన స్త్రీ ఆ మాటకు బెదరుట సహజమే. అతని రాబడి అంతయు ఆ బెదురునందే యున్నది.

సోదరీమణులారా, కిరాయినామా 11 నెలలకే ఏల వ్రాయుదురు? ఒక సంవత్సరమునకు మించిన కిరాయి ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము విధించెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకై దేశమంతట ఈ యలవాటు పాతుకొనినది. అంతియే గాని, గడువు దాటిన మఱునాడే సామాను వీధిలో పడునని కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 116వ సెక్షను ప్రకారము, గడువు తీఱిన పిదప మనము ఆ యింటనే యుండగా యజమాని కిరాయి పుచ్చుకొన్నచో, వేఱు షరతు లేనిచో, కిరాయిదారుతనము నెలనెలకు సాగును. దానిని ముగించుటకైనను 106వ సెక్షను ప్రకారము 15 దినముల నోటీసు కావలెను. ఇందు మధ్యవర్తికి చోటేది?

మఱి మనకు రక్షణ లేదా? 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టమున్నది. ఐనను 2005 సవరణ పిమ్మట, నగరపాలక సంస్థలలో నెలకు 3,500 రూపాయలకును, ఇతర పట్టణములలో 2,000 రూపాయలకును మించిన కిరాయిలు దాని పరిధిలోనికి రావు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఏజెంట్లను నమోదు చేయించుకొమ్మన్నను, అది అమ్మకముల మాటయే, కిరాయిల మాట గాదు. ఇతర దేశములు దీనిని వేఱుగా తీర్చుకొన్నవి. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుండి ఇట్టి తిరుగవ్రాత రుసుమును కిరాయిదారునుండి వసూలు చేయుట నిషిద్ధము. జర్మనీలో 2015 నుండి, ఏజెంటును ఎవరు నియమించిరో వారే అతనికి ఇచ్చుకొనవలెను. ఈ న్యాయము మన పెద్దలకును తెలిసినదే: కూలికి పిలిచినవారే కూలి ఇత్తురు.

మేము ఫోనులో వాదము పెంచక, క్రింది వాటాలోనున్న ఓనరమ్మ కడకు పోయి సంగతి చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడి యిట్లనెను: "నన్నుగూడ అడిగిండు బిడ్డా! మీరు ఖాళీ చేస్తరట, మళ్ల కొత్తోళ్లను చూడాలంటే పైసలియ్యాలె అన్నడు. ఇల్లు నాది, ఉండేది నువ్వు. నడుమ ఆయనకెందుకియ్యాలె?" మేము వెడలెదమని ఆమెను, ఆమె వెడలగొట్టునని మమ్ములను భయపెట్టి, ఇరువురినుండి పుచ్చుకొన జూచెనన్నమాట. ఒకే కప్పు క్రింద మెట్లపై నెదురుపడు ఇద్దఱు స్త్రీలు కిరాయి మాట తమలో తాము ఎన్నడు నాడుకొనకపోవుటయే అతనికి పెట్టుబడి. ఆ సాయంకాలమే కిరాయి 400 రూపాయలు పెంచుటకు ఒప్పుకొని, స్టాంపు కాగితముపై ఇద్దఱము వ్రాసికొంటిమి. ఆమె మేడమీది నీళ్లతొట్టికి మూత వేయించుటయు అందే చేర్చితిమి.

పిదప పాలమూరునకు బదిలీ యయ్యెను. ఈ జిల్లా కూలీలు దూరదేశములకు వలసపోయి ఆనకట్టలు, మేడలు కట్టి, తాము గుడారములలో దినములు గడపిరి. ఇల్లన్న మాటకు ఇచట బరువెక్కువ. మెట్టుగడ్డ వైపు ఇల్లు చూపిన మధ్యవర్తిని మేము మొదటనే అడిగితిమి: దలాలి ఒక్కసారియా, ఏటేటనా? ఒక్కసారియే యనెను. ఆ మాటను కాగితముపై వ్రాయించి సంతకము పుచ్చుకొంటిమి; అతడును నొచ్చుకొనలేదు.

కావున ఇల్లు కుదుర్చుకొను సోదరీమణులు దలాలి లెక్కను ముందే వ్రాయింపవలెను. కిరాయికి రశీదునో, బ్యాంకు గుర్తునో భద్రపఱచుకొనవలెను. గడువునకు నెల ముందుగా యజమానురాలితో నోరార మాటాడవలెను. పసుపుకుంకుమలకు పిలుచుకొను పొరుగువారు కిరాయి మాటకు మూడవవాని నోరు అరువు తెచ్చుకొననేల?